కూలిన కోటకు వారసులెవరు?

సింథియా టాల్బట్ రాసిన 'ప్రీకలోనియల్ ఇండియా ఇన్ ప్రాక్టీస్' (2001) కాకతీయుల కాలం మీద పుస్తకం. అందులో నన్ను ఎక్కువ పట్టుకున్నది మాత్రం కాకతీయులు పోయాక ఏమైందో చెప్పే చివరి అధ్యాయం. మిగతా పుస్తకమంతా శాసనాల లెక్క: ఎవరు ఏ గుడికి ఏమిచ్చారు, తమను తాము ఏమని చెప్పుకున్నారు. చివరికొచ్చేసరికి ప్రశ్న మారుతుంది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యానికి చిక్కింది. ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది. రాజ్యమూ లేదు, రాజూ లేడు. మరి ప్రతాపరుద్రుడు ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ల పాటు తెలుగువాళ్ల కథల్లో ఎందుకు తిరుగుతూనే ఉన్నాడు?

ఆయన చావు సంగతే తీసుకోండి. కోట పడ్డాక కొన్నేళ్లకే ముసునూరి ప్రోలయ నాయకుడు వేయించిన విలస తామ్రశాసనం, ఢిల్లీకి బందీగా తీసుకుపోతుంటే దారిలో నర్మద ఒడ్డున పోయాడంటుంది. 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనం, తన ఇష్టంతోనే దేహం విడిచాడంటుంది. పదహారో శతాబ్దపు ఏకామ్రనాథుడి 'ప్రతాపరుద్ర చరిత్రము' దగ్గరికొస్తే రాజు అసలు దారిలో చావనే చావడు. ఢిల్లీ చేరతాడు, సుల్తాను తల్లి ఆయనలో శివుణ్ణి చూస్తుంది, విడిచిపెట్టిస్తుంది, కాశీ మీదుగా ఓరుగల్లుకు తిరిగొస్తాడు. కాలం గడిచేకొద్దీ ఓటమి చిన్నదైపోయింది, రాజు పెద్దవాడయ్యాడు.

ఎందుకిలా? టాల్బట్ జవాబు సూటిగా ఉంటుంది. తర్వాత వచ్చిన యోధ కుటుంబాలకు ఒక మొదలు కావాలి. మా తాత ప్రతాపరుద్రుడి దగ్గర నాయకుడు అని చెప్పుకుంటే ఇవాళ్టి హోదాకు పునాది దొరుకుతుంది. కలువచేరు శాసనం కాపయ నాయకుణ్ణి డెబ్భై అయిదుగురు నాయకులు కొలిచారని చెబుతుంది. ఏకామ్రనాథుడి దగ్గర ఓరుగల్లు బురుజులకు డెబ్భై ఏడుగురు నాయకులు కాపలా, అందరూ పద్మనాయకులే. కాకతీయుల కాలపు శాసనాలు చూస్తే నాయకులు రకరకాల కుటుంబాల నుంచి వచ్చారు. జ్ఞాపకం వచ్చి ఆ తలుపు మూసేసింది.

ఇది పాత పుస్తకాల గొడవ అనుకునేవాళ్లు ఒక్కసారి కార్తీకమాసంలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు మీద నడిచి చూడాలి. వనభోజనాల ఫ్లెక్సీల మీద రుద్రమదేవి గుర్రమెక్కి ఉంటుంది. ఒక ఫ్లెక్సీలో ఒక కులం ఆడబిడ్డ, నాలుగు స్తంభాలు దాటాక ఇంకో కులం ఆడబిడ్డ. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ విషయం మీద ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకోవడం మానేశారు. ఇక్కడే టాల్బట్ పుస్తకం పనికొస్తుంది. కాకతీయుల్ని చాలా శాసనాలు నాలుగో వర్ణం వాళ్లని మొహమాటం లేకుండా చెప్పాయి, కొన్ని సూర్యవంశం అన్నాయి. ఆ కాలం మనుషులు శాసనాల్లో తమ గురించి చెప్పుకునేటప్పుడు నాయకుడు, రెడ్డి, సెట్టి, బోయ అంటూ పనినీ హోదానీ ముందు పెట్టుకున్నారు, ఇవాళ్టి అర్థంలో కులాన్ని కాదు. మన ఫ్లెక్సీ ప్రశ్నకు ఆ రాళ్ల మీద జవాబు లేదు. ఎందుకంటే ఆ ప్రశ్న వాళ్లది కాదు.

అయితే ఆ అధ్యాయంతో నాకో పేచీ ఉంది. అందులో గుర్తుపెట్టుకునేవాళ్లు ఎక్కువగా కత్తి పట్టినవాళ్లు, కైఫీయతు రాయించుకోగలిగినవాళ్లు. సామ్రాజ్యం తర్వాత బతికింది వాళ్లేనా?

దీనికి పక్కన పెట్టి చదవాల్సింది 'క్రీడాభిరామము'. కర్త వినుకొండ వల్లభరాయుడా, వేటూరి ప్రభాకరశాస్త్రి గారు అన్నట్టు శ్రీనాథుడా అన్న వాదం అలా ఉంచుదాం. ఎవరైనా సరే, రాసింది కోట కూలాకే. కానీ కావ్యంలో ఓరుగల్లు కూలలేదు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా ఊరు తిరుగుతారు. కోడిపందాలు చూస్తారు, పల్నాటి వీరుల కథ పాడే ఆడమనిషి పాట వింటారు, పూటకూళ్లింట్లో రూకకు కడుపునిండా తింటారు. చైతన్యపురి మెస్సుల్లో టోకెన్ తీసుకుని కూర్చునే హాస్టల్ పిల్లలకు ఈ ఇద్దరూ వెంటనే అర్థమవుతారు. దీనికి మూలం రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత 'ప్రేమాభిరామం', అది ఇప్పుడు దొరకదు. మూలం ప్రతాపరుద్రుడి కాలానిదే అయినా, తెలుగు చేసినవాడు ఊరు పాడైన సంగతి తెలిసి కూడా ఊరిని ఊరిలాగే ఉంచాడు. రాజును దేవుణ్ణి చేయలేదు. వీధిని కాపాడాడు. చరిత్రము చేసిన పనికి ఇది పూర్తిగా ఎదురు.

బయటి ఉదాహరణ ఒకటి చెబితే ఇది ఎంత అరుదో తెలుస్తుంది. అస్సీరియన్ల నినెవె క్రీ.పూ. 612లో పడింది. రెండు వందల ఏళ్ల తర్వాత గ్రీకు సైనికుడు జెనొఫన్ ఆ శిథిలాల పక్క నుంచే నడిచి వెళ్లి, ఇవి మీడుల పట్టణాలట అని రాసుకున్నాడు. ఎవరి ఊరో కూడా ఆయనకు తెలియలేదు. అయినా ఆ నేల మీద అరామిక్ మాట్లాడే రైతులు ఉన్నారు. దాని నుంచి వచ్చిన మాట ఇప్పటికీ ఉత్తర ఇరాక్ పల్లెల్లో ఉంది, వాళ్లు తమను అస్సీరియన్లమనే చెప్పుకుంటారు. ఆ వారసత్వం ఎంతవరకు నిజం అని పండితులు వాదించుకుంటారు. వాదం ఎటు తేలినా, ఇళ్లలో మాట ఆగలేదు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నాకు ఇది లెగసీ కోడ్ లాగా కనిపిస్తుంది. రాసిన కంపెనీ ఎప్పుడో మూతపడి ఉంటుంది, కోడ్ మాత్రం ఏదో బ్యాంకులో రాత్రిపూట నడుస్తూనే ఉంటుంది. ఎవరి పేరుతో ఉందన్నది కాదు, ఇంకా నడుస్తోందా అన్నదే లెక్క. ఆ లెక్కన పేరిణి మిగిలింది అనలేం. జాయప సేనాని 'నృత్తరత్నావళి' నుంచి, రామప్ప శిల్పాల నుంచి నటరాజ రామకృష్ణ గారు దాన్ని మళ్లీ నిలబెట్టారు. గొప్ప పనే, కానీ అది పునరుద్ధరణ. పాకాల, లక్నవరం, రామప్ప చెరువులు అలా కాదు. రాజులు మారినా నీళ్లు పొలాలకు పారాయి, ఎందుకంటే కట్ట తెగకుండా చూసేవాళ్లు, తూము ఎత్తే నీరటికాళ్లు ఊళ్లలోనే ఉన్నారు. వాళ్లెవరూ తమకు ప్రతాపరుద్రుడు బురుజు అప్పగించాడని రాయించుకోలేదు. 2015లో సుమారు 46 వేల చెరువుల పూడిక తీసే పథకానికి 'మిషన్ కాకతీయ' అని పేరు పెట్టారు. అందులో చాలా చెరువులు కాకతీయులవి కావు. మంచి పని ఎవరిదైనా పేరు మాత్రం రాజుకే పోతుంది. 2024లో రాష్ట్ర చిహ్నం మారుస్తారన్నప్పుడు కాకతీయ తోరణం కోసం జరిగినంత రభస ఏ చెరువు కబ్జా కోసం జరిగింది?

ఇంకొక సాక్ష్యం కూడా ఉంది, ఇది అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది. మేడారం. జనం చెప్పుకునే కథలో సమ్మక్క, సారలమ్మ, జంపన్న కాకతీయ సైన్యంతో పోరాడి పోయినవాళ్లు. రెండేళ్లకోసారి జరిగే జాతరకు లక్షల మంది పోతారు. మా వైపు కాలనీల్లో కూడా ఆ నెలలో బెల్లం దుకాణాల ముందు నిలువెత్తు 'బంగారం' తూకానికి పిల్లల్ని కూర్చోబెడతారు. ప్రతాపరుద్రుడికి జాతర లేదు. గెలిచిన రాజ్యం పుస్తకాల్లోకి పోయింది, ఓడిన కోయ తల్లులు గద్దెల మీదికి వస్తూనే ఉన్నారు.

ఇంత చెప్పాక కూడా టాల్బట్ పుస్తకం చదవమనే అంటాను. భాష పొడిగా ఉంటుంది, పట్టికలు విసిగిస్తాయి. ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట మెట్రోలో రోజుకు ఎనిమిది పేజీల కన్నా నాకు సాగలేదు. కానీ 'మేమే కాకతీయ వారసులం' అనే ప్రతి మాటనూ ఎవరు, ఎప్పుడు, ఏ అవసరానికి అన్నారు అని అడగడం ఆ పుస్తకమే నేర్పింది. చివరి అధ్యాయం అయిపోగానే 'క్రీడాభిరామము' తెరవండి. ముందు పూటకూళ్లింటి పద్యాలు చదవండి.