బీరపందిరి కింద లేసు

నరసాపురం పక్క పల్లెలో మా పెద్దమ్మ మధ్యాహ్నం అంట్లు తోమేసి బీరపందిరి కింద చాప వేస్తుంది. ఒళ్ళో దారపుండ, చేతిలో కొక్కెం సూది. ఎడమ చూపుడువేలికి దారం చుట్టుకుని, సూదితో లాగుతూ, ముడిలోంచి ముడి తీస్తూ పోతుంది. చూపు మాత్రం పాదు మీదే. "ఒరేయ్, ఆ పిందె తీగలో ఇరుక్కుంది, కిందికి వదులు" అంటుంది, లెక్క తప్పకుండానే. ఎప్పుడన్నా తప్పిందా, అల్లిన పువ్వంతా సర్రున విప్పేస్తుంది. చూసే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడికి తెచ్చిన అల్లిక ఇది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, సంతోషమే. అయితే దీన్ని ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళ తీరికపనిగా చూసి కూలి తక్కువిస్తున్నారని సామాజికవేత్త మారియా మీస్ 1982లోనే పుస్తకం రాసింది. తీరికట! పాదుకి కడుగు పోసి, వంగ ఆకుల మీద బూడిద చల్లి, ఆ చేతులు కడుక్కున్నాకే కదా తెల్లదారం ముట్టుకునేది.

మొన్న బల్లమీదికి ఒక గుడ్డ అల్లిపెట్టమన్నాను.

"బీరకాయలు దిగనీరా, చూద్దాం" అంది.