జాబితాలోని పేరు, పోలైన ఓటు: మహదేవపుర వివాదముపై ఒక విమర్శ

బెంగుళూరు నగరపు తూర్పు దిక్కున నున్న వర్తూరు ఒకప్పుడు శాసనసభా నియోజకవర్గమునకు పేరిచ్చిన ఊరు. 2008 నాటి పునర్విభజనతో ఆ నియోజకవర్గము రద్దయి, ఊరు మహదేవపుర నియోజకవర్గమున చేరినది. వైట్‌ఫీల్డు, మారతహళ్లి ప్రాంతముల ఉద్యోగములకై వచ్చిన తెలుగువారి కాపురములు ఇచ్చట అనేకములు. 2025 ఆగస్టు 7వ తేదీన ఈ నియోజకవర్గపు పేరు దేశమంతట మారుమ్రోగినది. 2024 లోకసభ ఎన్నికలలో ఇచ్చట 1,00,250 ఓట్లు దొంగిలింపబడినవని ప్రతిపక్షనాయకులు శ్రీ రాహుల్ గాంధీ ఆనాడు ఆరోపించిరి. ఎన్నికల సంఘము దానిని త్రోసిపుచ్చినది. నాటినుండి వాదమెల్ల 'చోరీ జరిగినది', 'జరుగలేదు' అను రెండు కొనలనే పట్టుకొని నడచినది. ఈ రెండింటి నడుమ పరీక్షింపవలసిన వస్తువొకటి కలదు. అది ఓటర్ల జాబితా.

మొదట అంకెలను చూడవలెను. బెంగుళూరు సెంట్రల్ లోకసభ స్థానమున భారతీయ జనతా పార్టీ అభ్యర్థి శ్రీ పి.సి. మోహన్ కాంగ్రెసు అభ్యర్థి శ్రీ మన్సూర్ అలీఖాన్‌పై 32,707 ఓట్ల ఆధిక్యముతో గెలిచిరి. ఒక్క మహదేవపుర భాగముననే భా.జ.పా.కు 2,29,632, కాంగ్రెసుకు 1,15,586 ఓట్లు వచ్చినవి. భేదము 1,14,046. తక్కిన భాగములలోని లోటును ఈ ఒక్క భాగమే పూడ్చినదనుట నిజము. అనుమానము పుట్టుటకు అది చాలును. అనుమానము రుజువగుటకు మాత్రము చాలదు. ఒక అభ్యర్థికి ఒక ప్రాంతమున బలమెక్కువగా నుండుట ఎన్నికలలో వింత కాదు.

ఆరోపణలోని లక్ష పేర్లు ఐదు తెగలు: రెండుమార్లు నమోదైనవి 11,965, లేని లేదా చెల్లని చిరునామాలవి 40,009, ఒకే చిరునామాలో గుంపులుగా నున్నవి 10,452, చెల్లని ఛాయాచిత్రములవి 4,132, ఆరవ ఫారము దుర్వినియోగముచే చేరినవి 33,692. ఈ సేకరణ వెనుక ఎంతో శ్రమ యున్నది. అయితే ఇవన్నియు జాబితాలోని పేర్లు. పోలైన ఓట్లు కావు. జాబితాలోనిది నామము, ఓటు వేయుట క్రియ. నామమున్నంత మాత్రమున క్రియ జరిగినదనరాదు. జాబితాలో సుమారు ఆరున్నర లక్షల పేర్లుండగా, ప్రధాన పక్షములు రెండింటికిని కలిపి వచ్చిన ఓట్లు 3,45,218 మాత్రమే. అనగా దాదాపు సగము పేర్లు పోలింగు కేంద్రము ముఖము చూడలేదు. అనుమానాస్పదమైన పేర్లలో నెన్ని ఓటుగా మారినవో తెలుపగలిగినది ఓటరు సంతకము చేయు 17-ఎ రిజిస్టరు. దానితో సరిచూడనిదే లక్ష పేర్లను లక్ష దొంగ ఓట్లనుట తొందరపాటు.

ఆ తెగల పేర్లును పరీక్షకు లోబడవలసినవే. ఆరవ ఫారము క్రొత్త ఓటరుకు సంబంధించినది. ముదుసలులు దానిచే చేరుట ఆశ్చర్యకరముగా చూపబడినది. కాని 2022 ఆగస్టుకు పూర్వము ఒక నియోజకవర్గమునుండి మరియొకదానికి మారువారికిని ఆ ఫారమే యుండెను. తరువాతనే మార్పులకు ఎనిమిదవ ఫారము నియతమైనది. కుమారుని ఇంటికి వచ్చిన వృద్ధురాలు పాత అలవాటున ఆరవ ఫారమునే నింపిన, స్వగ్రామములోని పేరు అట్లే నిలిచి, ఇచ్చట క్రొత్తది పుట్టును. ఇంటి సంఖ్య 'సున్న' అని యుండుటకు, ఇండ్లకు సంఖ్యలీయబడకపోవుటయు కారణమని ఎన్నికల సంఘము 2025 ఆగస్టు 17న చెప్పినది. కూలీలు వచ్చిపోవుచుండు అద్దెగదులలో మనిషి వెడలినను పేరు వెడలదు. ఇవి సాధ్యమైన కారణములు మాత్రమే. ఆరోపణకు ఖండనములు కావు. పొగను చూచి నిప్పునూహించువాడు, అది మంచు కాదని ముందుగా తేల్చుకొనవలెను.

ఇంతమాత్రమున ఎన్నికల సంఘము నిర్దోషి యని తేలదు. ఆరోపించినవారిని ప్రమాణపత్రమీయుమని, లేనిచో క్షమాపణ కోరుమని అడుగుట ప్రశ్నకు జవాబు కాదు. జాబితాను యంత్రముచే చదివింప వీలులేని చిత్రపుటలుగా ఇచ్చి, తప్పులు వెదకుడనుట న్యాయము కాదు. కేంద్రములలోని కెమెరా దృశ్యములను, ఎన్నికల వ్యాజ్యము లేనిచో, 45 దినముల పిదప తొలగింపవచ్చునని 2025 మేలో ఆదేశించుట సందేహమును పెంచినది. మహదేవపుర జాబితాపై సందేహము అంతకు ముందును కలదు: 'చిలుమె' సంస్థ ఓటర్ల వివరములను సేకరించిన వ్యవహారము బయటపడిన పిమ్మట, 2022 నవంబరులో సంఘమే శివాజీనగర, చిక్కపేట, మహదేవపురములందలి చేర్పులను తొలగింపులను పూర్తిగా తనిఖీ చేయుమని ఆదేశించినది. 2025 అక్టోబరు 13న సుప్రీంకోర్టు మహదేవపుర విషయమున ప్రత్యేక దర్యాప్తు కోరిన వ్యాజ్యమును స్వీకరింపలేదు. కాని అంతకు రెండు నెలల ముందు, ఆగస్టు 14న, బీహారు ముసాయిదా జాబితానుండి తప్పిన సుమారు 65 లక్షల పేర్లను కారణసహితముగా ప్రకటింపుమని అదే న్యాయస్థానము ఆదేశించినది. ప్రకటన సాధ్యమని దీనివలన తేలినది.

పోలింగు శాతముల విషయమునను ఇదే న్యాయము. 2024 మే 13న ఆంధ్రప్రదేశమున సాయంకాలమునకు సుమారు 68 శాతమని వచ్చిన అంకె, తుదకు తపాలా ఓట్లతో 81.86 శాతమైనది. ఈ పెరుగుదలయే మోసమునకు సాక్ష్యమని కొందరనిరి. మొదటిది నడుచుచున్న పోలింగు మధ్యలో చెప్పిన అంచనా. కడపటిది కేంద్రముల లెక్క. గడువువేళకు వరుసలో నున్నవారికెల్ల చీటీలిచ్చి ఓటు వేయనీయవలెనని నియమము. ఆనాడు కొన్నిచోట్ల రాత్రి పొద్దుపోవువరకు ఓటింగు సాగినది. కేంద్రము మూయునప్పుడు పోలైన ఓట్ల సంఖ్యను తెలుపు 17-సి ఫారము ప్రతి అభ్యర్థుల ఏజెంట్లకు ఈయబడును. కావున పెరుగుదలను శంకించువారు ఆ ప్రతులను లెక్కింపు ఫలితముతో పోల్చి చూపవలెను. సంఘమును మొదటి రెండు దశల తుది శాతములను ఏప్రిల్ 30వరకు, ఓట్ల సంఖ్యలను మే 25వరకు ప్రకటింపక, వదంతికి చోటిచ్చినది.

శాతమునకు ఆధారము మరల జాబితాయే. నూరు పేర్లలో ఏబదినాలుగు ఓట్లు పడిన, శాతము 54. ఆ నూటిలో ఇరువదిమంది మరణించినవారో, ఊరు విడిచినవారో యైనచో, నిజమైన శాతము 67.5. 2024లో బెంగుళూరు సెంట్రల్ శాతము సుమారు 54. నగరవాసులు సోమరులని ఏటేట నిందించువారు, ఆ నిందలో పాలెంత మనుష్యులదో, పాలెంత జాబితాదో ముందుగా తేల్చవలెను.

ఈ వాదము వర్తూరు తెలుగువారికి పరాయిది కాదు. కర్ణాటకమున ఈ నియోజకవర్గపు పోలింగు 2024 ఏప్రిల్ 26న. ఆంధ్ర తెలంగాణములలో మే 13న. నడుమ పదునేడు దినములు. రెండుచోట్ల పేరున్నవానికి అడ్డుగా నిలిచినవి మైసూరులో తయారగు సిరా చుక్క, మనస్సాక్షి. ఒకటికంటె నెక్కువ నియోజకవర్గములలో నమోదు 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టపు 17వ సెక్షనుకు విరుద్ధము. అబద్ధపు ప్రకటనకు ఏడాదివరకు జైలుశిక్ష కలదు. ఊరిలో పేరు పోయిన పొలము గట్టుతో బంధము తెగునని తలచి రెండింటిని ఉంచుకొనువాడు మోసగాడు కాకపోవచ్చును. కాని వివాదములో లెక్కింపబడిన పేర్లలో అతని పేరు నొకటి కావచ్చును.

కాబట్టి నిందించువారు పేరును ఓటుగా లెక్కింపరాదు. సమాధానము చెప్పువారు రికార్డును మూయరాదు. పౌరుడు ఒక పేరుతో తృప్తి పడవలెను. ఎనిమిదవ ఫారమో, తొలగింపునకు ఏడవ ఫారమో నింపుటకు పట్టు సమయము స్వల్పము. జాబితా శుద్ధమైననాడు చోరీ ఆరోపణ నిజమైన నిజముగాను, అబద్ధమైన అబద్ధముగాను తేలును. నేడు రెండును తేలకుండుటయే ఓటరునకు కలిగిన అసలు నష్టము.