నలుగురే నడిపే నౌక

రోసినాంటే అంటే నాకు మోజు. జేమ్స్ ఎస్. ఎ. కోరీ అన్న ఒకే కలం పేరుతో డేనియల్ ఏబ్రహం, టై ఫ్రాంక్ కలిసి రాసిన ‘ది ఎక్స్‌పాన్స్’ నవలల్లోని చిన్న అంతరిక్ష యుద్ధనౌక అది. మొదటి నవల 2011లో వచ్చింది. నిండా సిబ్బంది ఉంటారనుకుని అంగారకుడి నౌకాదళం కట్టిన ఫ్రిగేట్ అది. కథలో దాన్ని నడిపేది నలుగురే: హోల్డెన్, నయోమీ, అలెక్స్, ఏమోస్. అడుగున ఇంజను, పై అంతస్తులో పైలట్, మధ్యలో నిచ్చెన, చాలావరకు ఖాళీ గదులు. టార్పెడోలకు కొదవలేదు. శత్రువు వదిలిన టార్పెడోలను దారిలోనే తునకలు చేసే ఫిరంగులకు కంప్యూటరే గురి చూస్తుంది. మరి ఇంత భద్రంగా ఉన్న నౌకలో పోరు మొదలవగానే మనకెందుకు ఊపిరాడదు?

దెబ్బ కొట్టడానికి మనుషులు అక్కర్లేదు, దెబ్బ తిన్నాకే కావాలి. కోరీ పట్టుకున్న రహస్యం ఇదే. గోడకు చిల్లి పడిందంటే నయోమీ లేవాలి, లేదా ఏమోస్ లేవాలి. ఖాళీగా ఉన్న మూడో మనిషి లేడు.

సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇక్కడి ఎంసీఈఎంఈ, అంటే సైన్యంలో మరమ్మతులు చూసే ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్) వాళ్ల మిలిటరీ కాలేజీ, నేర్పేదే పాడైనదాన్ని మళ్లీ నడిపించే విద్య. మన సైన్యపు పాత విజయంత ట్యాంకులో నలుగురుండేవారు. టీ-72లో ముగ్గురే. లోడర్ పనిని 22 గుండ్లు పట్టే గుండ్రటి యంత్రం చేస్తుంది. ఆ మనిషి చోటు మిగిలింది కాబట్టే ట్యాంకు అంత పొట్టిగా ఉంటుంది. కానీ బురదలో ట్రాక్ ఊడినప్పుడు ఆ ఇనప పట్టాను లాగడానికి ఆ యంత్రం దిగి రాదు. రాత్రి కాపలా కూడా కాయదు.

విశాఖ బీచిలో మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామి దీనికి పూర్తిగా ఎదురు. పనిచేసిన రోజుల్లో దానిలో పది టార్పెడో గొట్టాలు, 22 టార్పెడోలు, దాదాపు 75 మంది ఉండేవారు. లోపల నడుస్తుంటే భుజాలు గోడలకు రాసుకుంటాయి. ఇంతమంది దేనికని అడిగేవాళ్లు ‘ఘాజీ’ (2017) సినిమా చూస్తే సరి. మైను దెబ్బకు ముందుకు కదల్లేక, పైకీ కిందికీ మాత్రమే కదిలే జలాంతర్గామిలో దర్శకుడు సంకల్ప్ రెడ్డి మనల్ని కూర్చోబెడతాడు. నా మట్టుకు నాకు టార్పెడోలు పేలిన ఘట్టాలకన్నా అదే గొప్పగా తోచింది.

మళ్లీ రోసినాంటే దగ్గరికొస్తే, తర్వాతి నవలల్లో దానికి వెన్నెముక పొడవునా ఒక రైల్‌గన్ బిగిస్తారు. ఇక్కడ రచయితల పనితనం చూడండి! అది పక్కకు తిరగదు. గురి పెట్టాలంటే నౌకనే తిప్పాలి. పేలిన ప్రతిసారీ నౌక వెనక్కి తన్నుకుంటుంది, ఆ తన్నును మింగడానికి ఇంజను అదే క్షణాన ముందుకు నెట్టాలి. పైలట్, గన్నర్, ఇంజను ఒకే ఊపిరి తీసుకోవాలన్నమాట. ఉన్న నలుగురి మీదే ఇంకో బరువు! ‘బాబిలాన్స్ యాషెస్’ నవలలో అంగారకుడి మాజీ సైనికురాలు బాబీ డ్రేపర్ వచ్చి గన్నర్ కుర్చీలో కూర్చున్నప్పుడు, అంత పెద్ద ఆయుధం ఇవ్వని ధైర్యం ఆ ఒక్క మనిషి ఇచ్చింది.