దేశంగాని దేశం

మన అమెరికా తెలుగు కథల్లో తరచు కనిపించే మాట ఒకటుంది: "దేశంగాని దేశం". కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి మంచును చూస్తూ కిటికీ దగ్గర నిలబడినా, ఉద్యోగం పోయి వీసా గడువు ముంచుకొచ్చినా, మనవాడెవరైనా ఆసుపత్రిలో కన్నుమూసినా, రచయిత కలం ఆ మాట దగ్గరికే వెళ్తుంది. మన కళ్ళు చెమరుస్తాయి. ఒకసారి ఆగి ఆ మాటను చూద్దాం.

"పరాయి దేశం" అంటే ఇంకొకరి దేశం. "దేశంగాని దేశం" అంతకన్నా గట్టి మాట. నేల ఉంది, ఊళ్ళున్నాయి, ప్రభుత్వం ఉంది. అయినా అది దేశం కాదంటుంది. ఏమిటి లోపం? మంచి చెడ్డా అడిగే మనిషి లేకపోవడం. అంటే మన నుడికారంలోనే దేశమంటే నేల ఒక్కటే కాదన్నమాట.

అసలు ఈ మాటకు ఎప్పుడూ ఒకే సరిహద్దు లేదు. సంస్కృతంలో దేశమంటే చోటు, ప్రాంతం. మార్గ కవితకు ఎదురుగా దేశి కవిత అన్నప్పుడు స్థానికమైనది, జనానికి దగ్గరైనది. ఇల్లు పట్టకుండా తిరిగేవాడు దేశదిమ్మరి. 1949లో ఎన్.టి. రామారావు తొలిసారి తెరమీద కనిపించిన సినిమా పేరు 'మనదేశం'. అక్కడ దేశమంటే భారతదేశం. 1982లో ఆయనే పెట్టిన పార్టీ పేరులో దేశమంటే తెలుగువాళ్ళ నేల. మనిషి ఒకడే, మాట ఒకటే, హద్దులు వేరు.

ఇక గురజాడ. 1910లో ఆయన రాసిన 'దేశభక్తి' గేయం లేకుండా మన సభలు జరగవు. మట్టినీ మనుషుల్నీ ఎదురెదురుగా పెట్టి మనుషులవైపు మొగ్గిన చోట చప్పట్లు మోగుతాయి. అక్కడితో మనం ఆగిపోతాం. తక్కిన గేయమంతా పంటల గురించి, తిండి గురించి, చేతిపనుల గురించి, పొరుగువాడికి తోడ్పడటం గురించి, మతాలు వేరైనా మనసులు కలవడం గురించి. ఇంత చెప్పిన ఆ గేయంలో ఏ దేశం పేరూ లేదు!

కొన్నేళ్ళ క్రితం ఆగస్టు 15 సభలో మా అమ్మాయి ఆ పాటకు నాట్యం చేసింది. తిరిగొస్తుంటే కారులో అడిగింది: "నాన్నా, మనుషులే దేశమైతే పక్కింటి బామ్మ కూడా మన దేశమేనా?"

పక్కింటావిడ నల్లజాతి వృద్ధురాలు. నేను వేరే రాష్ట్రంలో పనిమీద ఉండగా మా ఆవిడకు నొప్పులొస్తే, అర్ధరాత్రి మంచులో ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆవిడే. ఆ రాత్రి గురించి నేనొక కథ రాశాను. అందులో "దేశంగాని దేశం" రెండుసార్లు వస్తుంది. కారు నడిపినావిడ ఒక్కసారి కూడా రాదు. మా అమ్మాయి అడిగేదాకా ఆ సంగతి నాకు తట్టలేదు.

ఇది నా ఒక్కడి లోపమైతే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. ఇక్కడికొచ్చాక "దేశీ" అన్న మాటను పెద్దది చేసుకున్నాం. సరుకుల కొట్లో ఎదురైన కరాచీవాడూ, ఢాకావాడూ మనకు దేశీలే. 1947లో గీసిన గీతను ఆ మాట చెరిపేసింది, మెచ్చుకోవలసిందే. కాని ఒంటి రంగు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. మనలాంటివాళ్ళకు తలుపు తెరిచిన వలస చట్టం వచ్చింది 1965లో. నల్లవారి ఓటు హక్కుకు రక్షణ కల్పించిన చట్టమూ ఆ ఏడాదిదే. వారి పౌరహక్కుల పోరాటం వేసిన దారిలోనే మనం నడిచొచ్చాం. మన కథల్లో వారు మాత్రం వీధి చివర నీడల్లా మిగిలిపోతున్నారు.

ఒంటరితనం అబద్ధమనడం లేదు. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి వరసలో నిలబడ్డవాళ్ళకు ఆ మాట ఇప్పటికీ నిజమే. కాని పాతికేళ్ళుగా ఇక్కడే ఇల్లూ వాకిలీ ఏర్పరచుకుని, పిల్లల్ని కని పెంచిన మనం ఆ మాట రాసేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఇక్కడ మనల్ని ఎవరూ పలకరించలేదా, లేక పలకరించినవాళ్ళను మనం లెక్కలోకి తీసుకోలేదా?

మా అమ్మాయికి ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. కథను మాత్రం తిరగరాస్తున్నాను. ఈసారి కారు నడుపుతున్నావిడతోనే మొదలవుతుంది.