వీలునామా వచనం

కవిత్వం రాస్తే మెచ్చేవాళ్ళు చదువుతారు. ఉత్తరం రాస్తే చేరినవాళ్ళు చదువుతారు. వీలునామా రాస్తే మాత్రం ఇంటిల్లిపాదీ చదువుతారు. ఆపైన రెండు తరాలూ, ఖర్మ కాలితే రెండు మూడు కోర్టులూ చదువుతాయి. ఇంతమంది ఇంత శ్రద్ధగా, అక్షరం అక్షరం వేలు పెట్టి చదివే వచనం మరొకటుందా? అయినా మన విమర్శకులు దాని జోలికి వెళ్ళినట్టు కనిపించదు. బంధుత్వాల పుణ్యమా అని కొన్ని వీలునామాలు చదివే యోగం నాకు పట్టింది. కథలు చదివినట్టే చదివాను. నచ్చిందీ నచ్చనిదీ మనవి చేస్తాను.

పేరుతోనే మొదలుపెడదాం. ఇంగ్లీషు ‘విల్లు’కి పారశీ ‘నామా’ అతికితే వీలునామా అయింది. మన తెలుగు ‘వీలు’తో దానికేమీ చుట్టరికం లేదు. పెద్దలు మాత్రం ఉందనే అనుకుంటారు కాబోలు, ‘వీలు చూసుకుని రాద్దాంలే’ అంటూనే వెళ్ళిపోతారు. పోనీ, కష్టమైన ప్రక్రియా అంటే కాదు. 1925 నాటి వారసత్వ చట్టం 63వ సెక్షను అడిగేది కాస్తే: రాసినవాడి సంతకమో వేలిముద్రో ఉండాలి. అతను సంతకం చేస్తుండగా చూసినవాళ్ళో, అది తనదేనని అతను చెప్పగా విన్నవాళ్ళో ఇద్దరు సాక్షులు అతని ఎదుట సంతకాలు చెయ్యాలి. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషను మంచిదే గాని తప్పనిసరి కాదు. బతికున్నన్నాళ్ళూ ఎన్నిసార్లైనా తిరగరాసుకోవచ్చు, ఆఖరిదే చెల్లుతుంది. ఇంత ఉదారుడైన సంపాదకుడు ఏ రచయితకీ దొరకడు.

ఇక ఎత్తుగడ. ‘నేను పూర్తి స్పృహలో ఉండి, స్వబుద్ధితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా’ అనేది అన్నిటికీ ఒకటే నాంది. దస్తావేజు లేఖరి దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ వాక్యం మీద నాకు కోపం లేదు. కాని కిందకి వెళ్ళి చూస్తే సంతకం పాములా మెలికలు తిరిగి ఉంటుంది, తేదీ చూస్తే ఆస్పత్రిలో చేరిన మర్నాడు. వెంకటాచల అయ్యంగారి కేసులో 1959లోనే సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: వీలునామా చుట్టూ అనుమానాలుంటే, వాటిని తీర్చే భారం దాన్ని పట్టుకొచ్చినవారిదే. అంటే నాంది ఎంత గంభీరంగా ఉన్నా లోపలి కథ నమ్మించాలి. కథానికలకీ ఇదే సూత్రం కదా!

సినిమావాళ్ళకి ఈ బెంగ లేదు. లాయరుగారు అందర్నీ హాల్లో కూచోబెట్టి కవరు చింపుతారు. ఒక దుర్మార్గుడు శవం బొటనవేలు కాగితానికి అద్దుతాడు. ఇళ్ళల్లో జరిగేది ఇంత రసవత్తరంగా ఉండదు. కర్మకాండ ముగిశాక బీరువా సర్దుతుంటే, పాత కరెంటు బిల్లుల మధ్య నుంచి వీలునామా జారిపడుతుంది.

అందులో నన్ను బాగా విసిగించేది ‘నాకు గల యావత్తు స్థిరచరాస్తులు’ అన్న సమాసం. చూడ్డానికి గజారోహణంలా ఉంటుంది, విప్పితే ఏమీ ఉండదు. ఏ ఊళ్ళో, ఏ సర్వే నంబరులో, ఎన్ని సెంట్లు? ఏ బ్యాంకు? ఎవరికిచ్చిన చేబదులు? నామినీ పేరుంది కదా అంటారు. బ్యాంకులో నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే గాని, అంతమాత్రాన హక్కుదారు కాడు. మనకి మంచి వరవడి లేకపోలేదు. తూర్పు చాళుక్యుల రాగిరేకుల్లో రాజుగారి పొగడ్త సంస్కృతంలో సాగి సాగి, పొలం హద్దుల దగ్గరికొచ్చేసరికి తెలుగులోకి దిగినవి ఉన్నాయి. పొగడ్త అర్థం కాకపోతే నష్టం లేదు. హద్దు అర్థం కాకపోతే తలకాయలు పగులుతాయి. ఈ ఇంగితం వెయ్యేళ్ళ కిందటి శాసనకర్తకి ఉంది, మన లేఖరికి లేకపోయింది.

ఒక్క మాట ఎంత పనిచేస్తుందో చూడండి. భార్య దగ్గరికి రాగానే మనవాళ్ళు ‘జీవితకాలం అనుభవించి, తదనంతరం...’ అని రాస్తారు. ఆవిడ పొలం దున్నించుకోవచ్చు, అమ్ముకోకూడదు. తులసమ్మగారి కేసు ఈ మాట చుట్టూనే తిరిగింది. భర్త పోయాక మనోవర్తి కింద కొంత ఆస్తి బతికున్నంతకాలం అనుభవించేలా రాజీలో ఇచ్చారు. ఆవిడ కొంత అమ్మితే మరిది కోర్టుకెక్కాడు. మనోవర్తి ఆవిడకి ముందునుంచీ ఉన్న హక్కే, దానికి బదులిచ్చిన ఆస్తికి ఆవిడే సర్వాధికారిణి అని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. అన్నిచోట్లా ఇలాగే తేలుతుందని కాదు. హక్కు కొత్తగా ఆ వీలునామాతోనే పుడితే అందులో పెట్టిన హద్దు నిలుస్తుంది కూడా. అందుకే అంటున్నాను, ‘జీవితకాలం’ అని అలవాటుగా రాసే మాట కాదు. అరవయ్యేళ్ళావిడ రేపు వైద్యానికి అర ఎకరం అమ్ముకోగలదా లేదా అన్నది ఆ మాటలోనే ఉంది.

అసలు లోపం ఇంకా చెప్పలేదు. కూతురు. నేను చదివినవాటిలో ఆమెకి దక్కినది సాధారణంగా ఒకే వాక్యం: ‘మా అమ్మాయికి పెళ్ళి సమయమున ఇవ్వవలసినవన్నీ ఇచ్చియుంటిని.’ లెక్క లేదు, పత్తా లేదు. స్వార్జితమైతే ఆయనిష్టం, ఎవరికైనా రాసుకోవచ్చు. ఉమ్మడి ఆస్తి సంగతి వేరు. 1985లో ఆంధ్రప్రదేశ్ అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకి అందులో జన్మహక్కు ఇచ్చింది. 2005లో దేశమంతటా కూతుళ్ళందరికీ వచ్చింది. ఆ సవరణనాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఉమ్మడి పొలమంతా ‘నా ఇద్దరు కుమారులకు’ అని రాసే తండ్రి తనది కాని వాటా కూడా పంచిపెడుతున్నాడు. సాహిత్యంలో దీన్ని గ్రంథచౌర్యం అంటాం.

అసలేమీ రాయకపోతేనో? అప్పుడు ప్రభుత్వం రాసిపెట్టిన వీలునామా ఒకటుంది — 1956 నాటి హిందూ వారసత్వ చట్టం. తండ్రి పోతే ఆయన ఆస్తిలో భార్యకి, కొడుక్కి, కూతురికి, ఆయన తల్లి ఉంటే ఆమెకి తలా ఒక సమాన వాటా. విశేషణాలు లేవు, ‘ఇచ్చియుంటిని’ లేదు. కూతురి మాట వరకు చూస్తే, నేను చదివిన చాలామంది తండ్రుల కంటే ఆ పార్లమెంటు వచనమే బాగుంది.

అయినా రాయమనే నా సలహా. రోగిష్ఠి కొడుక్కి ఎక్కువ కావాలి, చాకిరీ చేసిన కూతురికి ఇల్లు ఇవ్వాలి — ఇలాంటివి చట్టానికి తెలియవు, ఇంటి పెద్దకే తెలుసు. కాని కారణం ఒక్క వాక్యంలో, మన మాటల్లో రాయాలి. ‘నాన్నా, నాకెందుకు తగ్గించావు?’ అని పిల్ల అడిగే రోజుకి జవాబు చెప్పడానికి ఆయన ఉండడు. ఆ కాగితమే చెప్పాలి. నేను పెట్టే పరీక్ష ఒకటే. రాసిన వీలునామాని సాక్షుల ముందు కాదు, అందులో అందరికంటే తక్కువ దక్కేవాళ్ళ ముందు పైకి చదవండి. గొంతు ఎక్కడ పెగలదో ఆ వాక్యం దగ్గర ఆగండి. కొట్టేస్తారో, కారణం చేరుస్తారో మీ ఇష్టం. తిరగరాయడానికి తెల్లకాగితం చాలు.