పెడన అచ్చు, కాషిమా అచ్చు

జపాన్‌లో అద్దకపు బట్టను ‘సరసా’ అంటారు. ఓడల్లో వచ్చి దిగిన విదేశీ పువ్వుల నూలు బట్టలకు, ముఖ్యంగా భారతదేశపు బట్టలకు మొదట ఆ పేరు ఉండేది. వాటిని చూసి జపానువాళ్లు సొంతంగా అద్దుకున్న బట్టలకూ తర్వాత అదే నిలిచింది. ఈ రెండో రకంలో చెక్క అచ్చు పనికి ఇవాళ పెద్ద దిక్కు సుజుటా షిగెటో. 1954లో క్యూషూ దీవిలోని సాగా ప్రాంతం, కాషిమా పట్టణంలో పుట్టారు. చెక్క అచ్చుతో సరసా అద్దే విద్యకు జపాన్ ప్రభుత్వం 2008లో ఆయనను ‘సజీవ జాతీయ నిధి’గా గుర్తించింది.

ఆ విద్య మూలాల్లో కొంత భాగం కృష్ణా తీరానిది. 1605-06లో డచ్చివారు మచిలీపట్నంలోనూ నిజాంపట్నంలోనూ వర్తక స్థావరాలు పెట్టారు. 1609లో జపాన్‌లోని హిరాడోలో కాలూనారు. 1641 నుంచి వాళ్ల వ్యాపారమంతా నాగసాకి రేవులోని దెజిమా అనే చిన్న దీవికి పరిమితమైంది. యూరప్ వర్తకుల్లో వాళ్లను తప్ప ఎవరినీ జపాన్ రానివ్వని ఆ రెండు వందల ఏళ్లలో కోరమండల్, గుజరాత్ బట్టలు బటావియా (నేటి జకార్తా) మీదుగా అక్కడికి చేరాయి. అపురూపమైన సరుకు కాబట్టి జానెడు ముక్కను కూడా పారేసేవారు కాదు. తేనీటి సామగ్రికి సంచులు, పొగాకు తిత్తులు కుట్టుకునేవారు. హికోనె ప్రభువులైన ఈయి వంశంవారు పోగుచేసిన దాదాపు 450 ముక్కలు ఇప్పుడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. 1778 నాటికి సరసా నమూనాలతో పుస్తకమే అచ్చయింది.

ఆ బట్టల్లో చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నది ఎరుపు దగ్గర. అది చిరువేరు ఇచ్చిన రంగు. తీరప్రాంతపు ఇసుక నేలల్లో పెరిగే ఈ మొక్క వేరుకు నిజాంపట్నం పెట్టింది పేరు. వేరు ఒక్కటే చాలదు, పటిక ఉండాలి. విజయవాడ ఆటోనగర్ దాటి బందరు రోడ్డు పట్టుకుని అచ్చు అద్దకపు ఊరైన పెడన చేరితే ఆ పని వరుస ఇప్పటికీ కనిపిస్తుంది. గంజి పోయేలా ఉతికిన గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుము బెల్లం నీళ్లలో ఊరగా వచ్చిన రసంతో గీతల అచ్చు వేస్తారు. కరక్కాయ తగిలి అది నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక అచ్చు పడుతుంది. పారే నీటిలో జాడించి, రాగి కాగులో చిరువేరుతో ఉడకబెడితే పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది. ఇది బట్ట మీద పూత కాదు, నూలుపోగుతో ముడిపడిన రంగు. అందుకే ఉతుకులకు తట్టుకుంటుంది. ఇప్పుడు చిరువేరు బదులు ఎక్కువగా అలిజరిన్ అనే రసాయన రంగు వాడుతున్నా పని నడిచే తీరు అదే.

జపాన్‌కు బట్ట చేరింది గాని చిరువేరూ, దాన్ని నూలుకు పట్టించే మర్మమూ చేరలేదు. అక్కడివాళ్లు దీనికి తమదైన దారి వెతుక్కున్నారు. మల్బరీ జాతి చెట్టు నార కాగితాన్ని పెర్సిమన్ కాయల రసంతో గట్టిపరచి, అందులో నమూనా కోసి, ఆ కంతల గుండా రంగు అద్దారు. ప్రభావం అన్న మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

సాగా సంస్థానంలో నబెషిమా ప్రభువుల పోషణలో చెక్క అచ్చునూ కాగితపు కోతనూ జోడించిన సరసా ఒకటి పెరిగింది. ఆధునిక కాలంలో అది అంతరించింది. షిగెటో తండ్రి సుజుటా టెరుజి పాత నమూనాలనూ రహస్య పత్రాలనూ చదివి దాన్ని మళ్లీ నిలబెట్టారు. కొడుకు చిత్రకళ చదువుకుని తండ్రి పనిలోకి వచ్చారు. చిన్న చిన్న చెక్క అచ్చులతో పట్టు మీద నల్ల సిరా గీతలు వేసి, కాగితపు కోతల మీదుగా రంగులు నింపుతారు. కిమోనో గుడ్డ పన్నెండు మీటర్ల పైమాటే. అరచేతిలో పట్టే అచ్చు అంత పొడవునా గీత తప్పకుండా పడాలి.

జపాన్ అచ్చు అనగానే గుర్తొచ్చే చిత్రకారుడు హోకుసాయి బొమ్మల పద్ధతి ఇది కాదు. అక్కడ చెక్క కదలదు, కాగితమే దాని మీదికి వస్తుంది, వెనకనుంచి రుద్దుతారు. కాషిమాలో పెడనలో లాగే బట్ట కదలదు, అచ్చే దాని మీదికి వెళ్తుంది. కానీ పని పంపకంలో పెడన హోకుసాయికి దగ్గర. ఆయన గీసేవాడు, చెక్కేవాడు ఒకడు, అచ్చు వేసేవాడు ఇంకొకడు. పెడనలోనూ టేకు చెక్క మీద పువ్వు తొలిచే చేయి వేరు, దాన్ని గుడ్డ మీద గుద్దే చేయి వేరు, కాగు దగ్గర నిలబడే మనిషి వేరు. షిగెటో పనిలో బొమ్మ ఊహ నుంచి చివరి రంగు దాకా ఒకే మనిషి చూపు నడుస్తుంది, బట్ట కింద ఆయన పేరూ ఉంటుంది. పెడన చీర మీద ఎవరి పేరూ ఉండదు. నైపుణ్యంలో తేడా లేనప్పుడు ఈ తేడా అన్యాయమే.

షిగెటో బట్టల మీద కనిపించేది కాషిమా చుట్టుపక్కల పెరిగే మొక్కలు. వాటిని చూసి గీసుకుని, గీతలు తగ్గించుకుంటూ అచ్చులోకి తెస్తారు. బందరు బట్టల మీది తీగలూ పారశీక పువ్వులూ అక్కడ లేవు. అచ్చును ఎత్తి, పక్క పువ్వు అంచుకు ఆనించి, మళ్లీ దించే చేతి కదలిక మాత్రం రెండు ఊళ్లలోనూ ఒకటే.