యుద్ధం లేని రోజుల్లోనూ

హనుమాన్ జంక్షన్‌లో నిలబడితే ఏలూరు, గుడివాడ, నూజివీడు, విజయవాడ, ఏ బస్సు కావాలంటే అది ఎక్కి పోతాం. ఎవరికీ చెప్పి పోనక్కర్లేదు. మా ఎరుకల పెద్దల్లో చాలామందికి ఆ వీలు లేదు. రెండో ప్రపంచ యుద్ధం మీద తెలుగులో వచ్చిన కథలు, జ్ఞాపకాలు చదివినప్పుడల్లా మాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. రాత్రిళ్లు దీపాలు ఆర్పాలి. పెట్రోలుకు కూపన్లు, ధాన్యానికి పర్మిట్లు, విచారణ లేకుండా జైలు. భారత రక్షణ చట్టం (1939) మామూలు మనిషిని ఎట్లా ఉక్కిరిబిక్కిరి చేసిందో మనవాళ్లు బాగానే రాశారు, కాదనం. కానీ అంతకుముందెన్నడూ అలాంటి నిర్బంధం లేదన్నట్టు రాస్తారే, అక్కడే మాకు పేచీ.

ఎవరికి లేదు? నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. అప్పుడు యుద్ధమే లేదు. జాబితాకెక్కినవాళ్లు వేలిముద్రలివ్వాలి, పెట్టిన వేళకు హాజరు పలకాలి, ఇల్లు మారినా ఊరు వదిలినా ముందే తెలపాలి. గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి బతికినవాళ్లకు తిరగడమే తప్పయింది. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది.

ఇంకో తేడా కూడా ఎవరూ రాయరు. 1943లో కేశవ్ తల్పడే కేసులో ఫెడరల్ కోర్టు యుద్ధకాలపు 26వ నిబంధన చెల్లదంది. సర్కారు ఆర్డినెన్సు తెచ్చి దాన్ని నిలబెట్టుకుంది, అది వేరే మాట. అడగడానికి ఒక చోటైనా ఉంది. ఫలానా తెగ నేరస్థ జాతి అని సర్కారు ప్రకటిస్తే మాత్రం ఏ కోర్టూ ప్రశ్నించరాదని ఆ చట్టంలోనే రాసుకున్నారు. యుద్ధ చట్టం 1946లో గడువు తీరి పోయింది. మా చట్టం మద్రాసులో 1947 దాకా, దేశంలో 1952 ఆగస్టు 31 దాకా బతికింది. 1991లో కూడా ‘స్టువర్టుపురం దొంగలు’ అని సినిమా తీశారు. ఊరి పేరు పక్కన ఇంకా అదే మాట!

యుద్ధం పాఠం చెప్పేటప్పుడు మేము బోర్డు మీద 1939 పక్కన 1911 కూడా రాస్తున్నాం. పోయినేడు ఒక పిల్లవాడు లేచి అడిగాడు: “అప్పుడు యుద్ధం ఎవరి మీద, సార్?”